రాయికి ఊరు చెప్పే ఉద్యోగం

గుంటూరు నుంచి బస్సెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా అమరావతి చేరవచ్చు. అమరేశ్వరాలయానికి కొద్ది దూరంలో, ఒకప్పుడు దీపాలదిన్నె అని పిలిచిన చోట, ఇప్పుడు కనిపించేది ఇటుకల వలయం, దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు, పక్కనే పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల. మహాచైత్యాన్ని, అంటే ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపాన్ని, చూద్దామని వచ్చినవారికి మొదట కలిగేది నిరాశే. గుమ్మటం వంటి అండం లేదు, దాన్ని కప్పిన చెక్కడపు పలకలు లేవు, చుట్టూ ఉండవలసిన ప్రాకారం లేదు. ఆ రాళ్లలో పెద్ద వంతు చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలోను, మరొక పెద్ద వంతు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. కొన్ని కోల్‌కతా చేరాయి. ఒకే కట్టడానికి చెందిన అంగాలు ఇన్ని నగరాల్లో పడి ఉన్నప్పుడు వాటిని మళ్లీ ఒక్క కట్టడంగా చూడగలగడం యాత్రికుడి వల్ల అయ్యే పని కాదు. ఆ పని కోసమే కళాచరిత్రకారుడు, మ్యూజియం క్యూరేటర్ అనే రెండు వృత్తులు ఉన్నాయి. ఆ రెండూ ఒకే మనిషిలో కలిసిన అరుదైన సందర్భాల్లో కలంబూరు శివరామమూర్తి జీవితం ఒకటి.

క్యూరేటర్ అంటే బీరువాల తాళాలు చేతిలో ఉన్న గుమాస్తా అని, సందర్శకులు వస్తే లైట్లు వేయించే అధికారి అని మనవైపు ఒక మోటు అభిప్రాయం చాలాకాలంగా ఉంది. కళాచరిత్రకారుడంటే అందచందాల గురించి ఉపన్యాసాలిచ్చే పండితుడన్నది దానికి జోడు అభిప్రాయం. నిజానికి ఈ రెండు పనులకూ మూలం ఒకే ప్రశ్న: ఎదురుగా ఉన్న ఈ రాయి ఎక్కడిది, ఏ కాలానిది, ఏ కట్టడంలో ఏ భాగం? దీనికి జవాబు రిజిస్టరులో ఒక గడిలో ఇమిడిపోతుంది. ఆ గడి నింపడానికి మాత్రం ఒక్కోసారి ఒక జీవితం పడుతుంది.

శివరామమూర్తి 1909లో పుట్టారు, 1983లో మరణించారు. తమిళదేశంలో అప్పయ్య దీక్షితుల వంశానికి చెందిన పండిత కుటుంబం ఆయనది, చదివింది సంస్కృతం. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో పురావస్తు విభాగపు క్యూరేటర్‌గా ఆయన ఉద్యోగ జీవితం రూపుదిద్దుకుంది. తరువాత కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పురావస్తు విభాగాన్ని చూశారు, అక్కడి నుంచి ఢిల్లీలోని నేషనల్ మ్యూజియానికి వెళ్లి చివరకు దాని డైరెక్టరయ్యారు. 1968లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ వచ్చాయి. ఉద్యోగ సోపానం దృష్టితో చూస్తే ఇది మద్రాసు, కలకత్తా, ఢిల్లీల మీదుగా సాగిన చక్కని ప్రయాణం. అయితే ఆయన పేరు నిలబెట్టిన తొలి పెద్ద పని మొత్తం కృష్ణాతీరపు రాళ్ల మీదే జరిగింది. తెలుగు నేల మీద చెక్కిన శిల్పాలను ఇంత ఓపికగా చదివిన మనిషి పేరు ఇక్కడి కళాశాలల్లో ఇంత తక్కువగా వినిపించడం వింతే.

ఆయన చేతికి వచ్చేసరికి ఆ రాళ్లు పడిన అవస్థ తెలిస్తేనే ఆ పని బరువు తెలుస్తుంది. 18వ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చినప్పుడు కొత్త ఊరికి ఇటుకలు, రాళ్లు కావలసి వచ్చాయి. దీపాలదిన్నె తవ్వకం అలా మొదలైంది. ఆ కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కొలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, సిబ్బందితో పలకలకు కొలతలు వేసి బొమ్మలు గీయించాడు. కొన్ని పలకలు మచిలీపట్నం వెళ్లి అక్కడి బజారు చౌకులో అలంకారంగా నిలబడ్డాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. వాటిలో నూటికి పైగా పలకలు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడా వాటికి మంచి చోటు దొరకలేదు. 1867లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని ఒక పాత భవనపు గుర్రపుశాలలో కనుగొన్నాడు. బ్రిటిష్ మ్యూజియానికి అవి చేరింది 1880లో. ఈలోగా ఇక్కడ 1877లో రాబర్ట్ సీవెల్ తవ్వాడు. 1880లో గవర్నరు ఆజ్ఞ మీద దిన్నె మొత్తాన్ని తోడి గొయ్యి చేశారు. ఆ తరువాత వచ్చిన జేమ్స్ బర్జెస్ మిగిలినవాటిని ఏరి మద్రాసుకు పంపాడు. 20వ శతాబ్దం మొదటి దశకంలో అలెగ్జాండర్ రీ మళ్లీ తవ్వాడు. ఇందరు తవ్వినా ఏ రాయి ఏ దిక్కున, ఏ ఎత్తులో, ఏ రాయి పక్కన దొరికిందన్న వివరం చాలావాటికి లేదు. మెకంజీ గీయించిన బొమ్మలే ఆ విషయంలో కొంత మెరుగు. వచ్చిన ప్రతివాడూ రాయిని కాపాడాననే అనుకున్నాడు. రాయి బతికింది, దాని చిరునామా మాత్రం చెరిగిపోయింది.

చిరునామా పోయిన రాయికి మిగిలేది దాని ఒళ్లే. శిల్పం చెక్కిన తీరు, దుస్తులు, తలపాగాలు, నగలు, శాసనముంటే అక్షరాల వంపు, కథ ఉంటే ఆ కథ. 1942లో మద్రాసు మ్యూజియం ప్రచురించిన అమరావతి శిల్పాల వివరణ గ్రంథంలో శివరామమూర్తి చేసింది వీటన్నిటినీ కూడబలికించడమే. అందులోని రేఖాచిత్రాలు ఆయన చేతివే. శిల్పాల్లో కనిపించే కడియాలు, కర్ణాభరణాలు, తలకట్లు, ఆయుధాలు, వీణలు, ఆసనాలు, రథాలు, పడవలు ఇలా ఒక్కొక్క వస్తువునూ విడదీసి గీసి, దానికి సంస్కృత సాహిత్యంలో, బౌద్ధ గ్రంథాల్లో ఏ పేరుందో పక్కన పెట్టారు. ఫోటో చాలదా అని ఎవరికైనా సందేహం రావచ్చు. ఫోటో నీడను కూడా వస్తువుతో పాటు పట్టుకుంటుంది. గీసే చెయ్యి మాత్రం ఏది గీత, ఏది పగులు అని ప్రతి అంగుళంలోనూ తేల్చుకోక తప్పదు. గీయగల క్యూరేటర్‌కూ గీయలేని క్యూరేటర్‌కూ తేడా అక్కడే పడుతుంది.

చెన్నైలో ఉన్న ఒక గుండ్రని పతకాన్ని దగ్గరగా చూస్తే ఈ చదువు ఎలా ఉంటుందో తెలుస్తుంది. బుద్ధుని చంపించాలని దేవదత్తుడు రాజగృహ వీథిలోకి మదపుటేనుగు నాలాగిరిని వదిలించిన కథ అది. పతకంలో ఒకవైపు ఏనుగు జనం మీద పడి తొక్కుతూ వస్తోంది. మనుషులు చెల్లాచెదురవుతున్నారు, భయపడిన స్త్రీ ఒకతె పక్కనున్న పురుషుణ్ణి కరచుకుంది. మరొకవైపు అదే ఏనుగు మోకాళ్ల మీద కూలబడి బుద్ధుని ముందు తల వంచింది. పైన మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు. తెలియక చూసేవారికి ఇందులో రెండు ఏనుగులున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఉన్నది ఒక్కటే, కాలమే రెండు. ఒకే చట్రంలో కథను ముందుకు నడిపించే ఈ పద్ధతి మన తోలుబొమ్మలాట చూసినవారికి కొత్త కాదు. దుమారం ఉన్న వైపు శరీరాలన్నీ ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటే, శాంతి ఉన్న వైపు బుద్ధుడూ భిక్షువులూ నిట్టనిలువుగా నిలబడి ఉంటారు. కథ తెలియని క్యూరేటర్ దీని కింద ఏనుగుల దృశ్యం అని రాస్తాడు. కథ మాత్రమే తెలిసిన పండితుడు నాలాగిరి దమనం అని రాసి ఊరుకుంటాడు. రెండూ తెలిసినవాడే ఇంతమందిని ఇంత చిన్న వృత్తంలో ఇరుకు అనిపించకుండా ఇమిడ్చిన నేర్పు అమరావతి శిల్పంలో ఏ దశకు చెందుతుందో చెప్పగలడు.

ఆ దశల లెక్కే ఆ గ్రంథానికి వెన్నెముక. శివరామమూర్తి అమరావతి శిల్పాన్ని నాలుగు కాలాలుగా విడదీశారు. మొదటిది క్రీ.పూ. 200–100 మధ్యది, రెండోది క్రీ.శ. 100 ప్రాంతానిది, మూడోది 150 ప్రాంతానిది, నాలుగోది 200–250 మధ్యది. శాసనాల లిపిని, శిల్పశైలిని ఒకదానితో ఒకటి సరిచూసి వేసిన లెక్క ఇది. పన్నెండేళ్ల తరువాత, 1954లో, బ్రిటిష్ మ్యూజియంలోని శిల్పాలకు గ్రంథం రాసిన డగ్లస్ బారెట్ ఈ లెక్కను ఒప్పుకోలేదు, శిల్పమంతా క్రీ.శ. రెండు, మూడు శతాబ్దాల్లోనే పుట్టిందని వాదించాడు. ఇద్దరు క్యూరేటర్లు, ఒకే కట్టడం, సముద్రానికి చెరోవైపున సగం సగం రాళ్లు. ఏ ఒక్కరి ఎదుటా పూర్తి సాక్ష్యం లేదు. ఈ వివాదాన్ని కుదుటపరచింది గ్రంథాలయం కాదు, పలుగూ పారా. 1973–74లో ఇంగువ కార్తికేయ శర్మ అమరావతిలో జరిపిన తవ్వకాల్లో నల్లరాతి ప్రాకార స్తంభాలు, వాటి మీద ప్రాచీన బ్రాహ్మీ అక్షరాలు బయటపడి, స్తూపం మొదలు క్రీస్తుకు ముందే పడిందన్న మాటకు బలం చేకూర్చాయి. ఆ శర్మగారే తరువాతి కాలంలో హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి డైరెక్టరుగా పనిచేశారు. తవ్వేవాడు, చదివేవాడు, మ్యూజియం నడిపేవాడు వేర్వేరు మనుషులు కానక్కరలేదని ఆయన ఉద్యోగ జీవితం కూడా చెబుతుంది.

లండన్‌లో ఉన్న ఒక పలక ఈ కాలాల తేడాను కళ్లకు కట్టిస్తుంది. దానికి రెండువైపులా చెక్కడమే. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దాని చుట్టూ మొక్కుతున్న మనుషులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని తొలి కాలపు పని అది. కొన్ని తరాల తరువాత స్తూపాన్ని పెంచి కొత్త హంగులు దిద్దినప్పుడు ఆ పలకను తిరగేసి, వెనుక భాగాన్ని నున్నగా చెక్కి, దాని మీద పూర్తి స్తూపాన్నే చూపారు. ముంగిట సింహాలు, స్తూపానికి దిక్కుదిక్కునా ముందుకు వచ్చిన వేదికల మీద నిలిపే ఐదేసి ఆయక స్తంభాలు, పూలదండలు చుట్టిన అండం, ఎగురుతున్న దేవతలు అన్నీ అందులో ఉన్నాయి. ఈనాడు మహాచైత్యం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఉన్న ప్రధానమైన ఆధారాల్లో ఇలాంటి పలకలే ముఖ్యం. కట్టడం కూలిపోయింది గాని, దాని బొమ్మ దాని రాతి మీదే మిగిలింది. ఇలాంటి పలకను గోడకు ఆనించి పెడితే సగం చరిత్ర గోడవైపు తిరిగి ఉంటుంది. అందుకే ఏ రాయిని ఎలా నిలబెట్టాలన్నది బల్లల సర్దుబాటు కాదు, చరిత్ర రచనలో భాగం.

శాసనాల సంగతి ఇంకొకటి. అమరావతి పలకల మీద చాలా చోట్ల దాతల పేర్లున్నాయి. వాటిలో రాజుల పేర్లకన్నా గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, వారి కూతుళ్లు, కోడళ్ల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు, చర్మకారుడు విధికుడు కుటుంబంతో సహా పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చినట్టు ఒక శాసనం ఉంది. తండ్రి గురువు, కొడుకు తోలుపని చేసేవాడు. ఆనాటి ధాన్యకటకపు (అమరావతి ప్రాంతానికి పాత పేరు) సమాజం గురించి ఒక అధ్యాయం చెప్పలేనిది ఈ ఒక్క వాక్యం చెబుతుంది. తెలుగువారు బడిలోనే వినే 'నాగబు' అన్న మాట కూడా అమరావతి శాసనం నుంచి వచ్చినదే. వేటూరి ప్రభాకర శాస్త్రి దాన్ని తొలి తెలుగు పదంగా గుర్తించారు, అది పూర్తి పదమేనా అన్న చర్చ ఆ తరువాత సాగుతూనే ఉంది. లిపి చదవలేని క్యూరేటర్‌కు ఈ మనుషులంతా గీతలుగానే మిగిలిపోతారు. శివరామమూర్తి దక్షిణాది లిపుల పరిణామం మీద 1952లో వెలువరించిన గ్రంథం ఈ అవసరంలోంచి పుట్టినదే అనుకోవాలి. శిల్పాలకు కాలం కట్టాలంటే అక్షరాలకు కాలం కట్టడం రావాలి.

ఇక రాయి ఆరోగ్యం. అమరావతి రాయిని ఇంగ్లీషువారు పాలరాయి అన్నారు గాని, అది పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ జీర ఉన్న ఈ రాయి మెత్తగా ఉలికి లొంగుతుంది. అందుకే అంత సన్నని పని సాధ్యమైంది. ఆ గుణమే దానికి శత్రువు. కాలిస్తే సున్నమవుతుంది, దిన్నె మీది చెక్కడాల్లో ఎన్నో ఇలాగే బట్టీల పాలయ్యాయి. తేమ తగిలితే లోపలి లవణాలు పైకి వచ్చి పొరలు పొరలుగా రాలిపోతుంది. 19వ శతాబ్దంలో మద్రాసులో పలకలను సిమెంటుతో గోడల్లోకి బిగించడం ఆనాటికి పెద్ద సదుపాయంగా కనిపించింది. సిమెంటు నుంచి రాతిలోకి లవణాలు పాకడం ఆ తరువాతి తరాల క్యూరేటర్లకు తలనొప్పిగా మిగిలింది. లండన్‌లో 1992లో ఈ శిల్పాలకు గాలీ తేమా అదుపులో ఉండే ప్రత్యేకమైన గది ఏర్పాటు చేసి అద్దాల వెనుక ఉంచారు. కృష్ణాతీరపు ఉక్కలో, వర్షాకాలపు చెమ్మలో రాళ్లను చూసుకునే ఇక్కడి ఉద్యోగికి ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. బూజు దులపడానికి తడిగుడ్డ వాడకూడదని పనివాళ్లకు నేర్పడం దగ్గరే ఇక్కడ సంరక్షణ మొదలవుతుంది.

మద్రాసు వదిలిన తరువాత శివరామమూర్తి దృష్టి ఒక ప్రాంతం నుంచి దేశమంతటికీ విస్తరించింది. మూర్తి లక్షణాలు చోటును బట్టి, కాలాన్ని బట్టి ఎలా మారతాయో 1950లో ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలోకి వచ్చేవారు చదివి తీరవలసినది. సూర్యుని మూర్తి ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. ఉత్తరాదిలో ఆయన కాళ్లకు పొడవాటి బూట్లుంటాయి, దక్షిణాదిలో వట్టి కాళ్లే. ఊరు తెలియని విగ్రహం మ్యూజియానికి వచ్చినప్పుడు క్యూరేటర్‌కు పనికివచ్చేది ఇలాంటి పరిజ్ఞానమే. నేషనల్ మ్యూజియం వంటి చోట డైరెక్టరు పదవి అంటే ఫైళ్లు, మంత్రులు, విదేశీ ప్రదర్శనలు. పండితుణ్ణి మింగేయడానికి అవి చాలు. ఆయన విషయంలో అలా జరగలేదు. నటరాజ స్వరూపం మీద ఆయన రాసిన బృహద్గ్రంథం 1974లో వచ్చింది; ప్రాచీన చిత్రకళా శాస్త్రమైన చిత్రసూత్రం మీద, లక్ష్మి మీద గ్రంథాలు ఆ తరువాతివి. అయినా ఆయన పుస్తకాల్లో పద్ధతి పరంగా అన్నిటికన్నా గట్టిది 1942 నాటిదే అనిపిస్తుంది. తక్కినవాటిలో వైశాల్యం ఉంది, పాండిత్య వైభవం ఉంది. అమరావతి గ్రంథంలో మాత్రం ప్రతి వాక్యం వెనుకా చేతితో తడిమి చూసిన రాయి ఉంది.

ఇప్పుడు విజయవాడలోనో గుంటూరులోనో ఒక విద్యార్థి ఈ వృత్తిలోకి రావాలనుకుంటే ముందున్న దారి సన్ననిదే గాని మూసుకుపోయినది కాదు. ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రాల్లో ఎం.ఏ. ఒక మెట్టు. మ్యూజియం నిర్వహణ శాస్త్రానికి బరోడాలోను, కోల్‌కతాలోను, ఢిల్లీ పరిసరాల్లోను కోర్సులున్నాయి. ఆ పైన కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖల్లో ఖాళీలు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూపు. సర్టిఫికెట్లు ఇవ్వలేనివి భాషలు. సంస్కృతం, ప్రాకృతం, బ్రాహ్మీ లిపి లేకుండా అమరావతి శిల్పం ముందు నిలబడటం, చెవులు మూసుకుని హరికథ వినడం వంటిది. చేతి వ్రేళ్లకు గీత రావాలి. దీనికి తోడు జీతం ఆలస్యంగా పెరిగే ఉద్యోగమిదని ఇంట్లోవాళ్లను ఒప్పించగలిగిన ఓర్పూ ఉండాలి.

పని చేయడానికి సామగ్రికి ఇక్కడ లోటు లేదు. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి కట్టినది. పాతతరం నోట అది ఇంకా విక్టోరియా మ్యూజియమే. 1921లో ఊళ్లో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పటి జ్ఞాపకాలు, పింగళి వెంకయ్య జెండా కథ ఆ భవనాన్ని ఎక్కువమందికి గుర్తుచేస్తాయి. లోపలున్న అల్లూరు బుద్ధుడు, అంటే ఆ ఊళ్లో దొరికిన బుద్ధ విగ్రహం, మాత్రం జెండా కథ విని వచ్చినవారికి అనుకోకుండా ఎదురవుతాడు. గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం ఉంది. భట్టిప్రోలు, ఘంటసాల, గోలి, జగ్గయ్యపేట అన్నీ చుట్టుపక్కల ఊళ్లే. అయితే భట్టిప్రోలు ధాతు కరండాలు (పవిత్ర అవశేషాలను దాచిన భరిణెలు) చెన్నైలో ఉన్నాయి, గోలి శిల్పాలూ అక్కడికే చేరాయి, ఘంటసాల పలకలు కొన్ని పారిస్‌లో గిమే మ్యూజియంలో ఉన్నాయి. జగ్గయ్యపేట పలక మీద చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు వాన కురుస్తున్నాయి. ఆ నాణేలు గుండ్రనివి కావు, నలుచదరమైనవి. ఆనాడు చెలామణిలో ఉన్న అచ్చుగుద్దిన నాణేల ఆకారం శిల్పి ఉలిలోకి అలా వచ్చింది. అది కూడా చెన్నైలోనే ఉంది.

రాళ్లను తిరిగి తేవాలా అన్న వాదం ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. చట్టం తేల్చవలసిన భాగం చట్టానిది. ప్రకాశం జిల్లా చందవరం నుంచి చోరీ అయిన బుద్ధారాధకుల ఫలకాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొని, 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చింది. ఇలాంటి వివాదాల్లో గెలుపోటములు చివరకు పాత ఫోటో మీద, రిజిస్టరులోని కొలతల మీద ఆధారపడతాయి. అవి లేని రాయి తనదని ఏ ఊరూ రుజువు చేసుకోలేదు. కాబట్టి ఈ ప్రాంతపు క్యూరేటర్ చేయవలసిన పని రాళ్లు వచ్చాక మొదలయ్యేది కాదు. పల్లెల్లో రావిచెట్ల కింద, గుడి గోడల్లో, చెరువు గట్ల మీద ఇంకా ఉన్న పలకలను కొలిచి, ఫోటో తీసి, ఊరి పేరుతో సహా నమోదు చేయడం అందులో మొదటిది.

రెండోది మరింత నిదానమైన పని. మెకంజీ 1816 నుంచి గీయించిన బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కొన్నిటికి సరిపోయే పలకలు చెన్నైలోనో లండన్‌లోనో కనిపిస్తాయి. కొన్నిటికి సరిపోయే పలక ఎక్కడా లేదు. సున్నపు బట్టీకి పోయిందో, ఏ ఇంటి పునాదిలో ముఖం లోపలికి పెట్టుకుని ఉందో. ఆ బొమ్మలను పక్కన పెట్టుకుని, శివరామమూర్తి పట్టికనూ లండన్ పట్టికనూ ఒక్కొక్క సంఖ్యగా సరిచూస్తూ పోతే, దీపాలదిన్నె దగ్గరి ఇటుకల వలయంలో ఏ రాయి ఎక్కడ నిలబడి ఉండేదో కొన్ని చోట్లనైనా గుర్తు పెట్టవచ్చు.